జవాబు రాని ప్రశ్నలు: మన రేడియో ఫోన్-ఇన్ చర్చా కార్యక్రమం గురించి

పరకాల శ్రోత:

మిత్రులందరికీ నమస్కారం. మన ప్రాంతపు ప్రభుత్వ ఎఫ్‌ఎం కేంద్రం నుంచి వారం వారం ఉదయం పూట వచ్చే ఫోన్-ఇన్ చర్చా కార్యక్రమం విషయంలో చాలాకాలంగా మనసులో ఉన్న అసంతృప్తిని మీతో పంచుకోవాలని రాస్తున్నాను. మొన్నటి కార్యక్రమం పత్తి కొనుగోళ్ల మీద జరిగింది. ఈ 2025-26 సీజనులో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బయటి వ్యాపారి అంత ఇవ్వడం లేదు గనుక రైతులందరూ భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రాల వైపే చూస్తున్నారు. అక్కడ అమ్ముకోవాలంటే ముందుగా కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై స్లాట్ తీసుకోవాలి. తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుంది, 12 శాతం దాటితే అసలు కొనరు. ఇన్ని మెలికలున్న సమయంలో ఆ విషయాన్నే చర్చకు తీసుకున్నందుకు నేను సంతోషించాను.

భూపాలపల్లి వైపు నుంచి ఒక మహిళ ఫోన్ చేశారు. తాను కౌలుకు తీసుకున్న చెల్కలో పత్తి వేశానని, పట్టాదారు పాసుపుస్తకం యజమాని పేరున ఉందని, ఆయన ఊళ్లో ఉండడని, అటువంటప్పుడు తాను ఏ కాగితంతో నమోదు చేసుకోవాలని ఆమె ఎంతో స్పష్టంగా అడిగారు. అతిథిగా వచ్చిన అధికారి, రైతులందరూ పాసుపుస్తకం, ఆధార్ దగ్గర ఉంచుకుని యాప్‌లో నమోదు చేసుకోవాలని, దళారులను నమ్మవద్దని, పత్తిని బాగా ఆరబెట్టి తేవాలని చెప్పారు. వ్యాఖ్యాత "చాలా చక్కగా వివరించారు సార్" అని, ఆమెకు ధన్యవాదాలు చెప్పి, పాట వేశారు. తన పేరున పాసుపుస్తకం లేదనే కదా ఆమె ఫోన్ చేసింది! "ఆమె పేరున పాసుపుస్తకం లేదంటున్నారు సార్, మరి ఆమె ఏం చేయాలి?" అని వ్యాఖ్యాత ఒక్క మాట అడిగి ఉంటే ఆమెకే కాదు, వింటున్న వందలమంది కౌలు రైతులకు దారి తెలిసేది, లేదా దారి లేదన్న సంగతైనా అధికారి నోటివెంట బయటపడేది.

నా బాధ ఈ ఒక్క ఉదయం గురించి కాదు. విషయం ఏదైనా, ఎవరు అతిథిగా వచ్చినా, మొదటి ప్రశ్నకు ఏదో ఒక జవాబు రాగానే చర్చ అక్కడే ఆగిపోతోంది. రెండో ప్రశ్న అడిగేవారు లేరు. మీ అనుభవం ఏమిటో చెప్పండి.

జమ్మికుంట పెద్దాయన:

పరకాల తమ్మునికి ఆశీస్సులు. మీరు చెప్పిన కార్యక్రమం నేనూ విన్నాను. ఆ మహిళ ప్రశ్నకు జవాబు రాలేదన్నది నిజమే. అయితే వ్యాఖ్యాతను అంతగా తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచలేదు. టీవీ చర్చల్లో అతిథిని నిలదీయడం పేరుతో ఒకరి మీద ఒకరు అరుచుకోవడం మనం రోజూ చూస్తున్నాము. రేడియోలో ఆ రభస లేదు కనుకనే నావంటి వయసు మళ్లినవారు ఇంకా దానిని పెట్టుకుని కూర్చుంటున్నారు. వచ్చే అధికారి తన పనులు మానుకుని వస్తాడు. పదిమంది వింటుండగా ఇరకాటంలో పెడితే రెండోసారి పిలిచినా రాడు. మర్యాద కూడా రేడియో మనకు ఇచ్చిన ఆస్తే, దానిని పోగొట్టుకోవద్దని నా మనవి.

నర్సంపేట రైతుబిడ్డ:

పెద్దయ్యా, మర్యాదగా అడగడం వేరు, అడగకుండా ఊరుకోవడం వేరు. పరకాల అన్న కోరింది మొదటిదే. మా ఇంట్లోనూ సగం భూమి కౌలుదే, అందుకే రాస్తున్నాను. ఏ రైతు ఏ సర్వే నంబరులో ఏ పంట వేశాడో వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈఓలు) ప్రతి సీజనులో ఊరూరా తిరిగి నమోదు చేస్తారు. దాదాపు అయిదు వేల ఎకరాలకు ఒక ఏఈఓ చొప్పున మన రాష్ట్రంలో ఉన్నారు, వారు కూర్చునేందుకు రైతు వేదికలు కట్టారు. ఆ పంట నమోదులో సాగుచేసిన కౌలుదారు పేరు ఎక్కించుకోవచ్చా, ఆ నమోదును కొనుగోలు కేంద్రంలో చెల్లనిస్తారా అన్నదే అసలు అడగవలసిన రెండో ప్రశ్న. ఆ అధికారి ఆ శాఖవారే గనుక సమాధానం ఆయన దగ్గర ఉండే ఉంటుంది. ఆయన చెప్పనన్నాడని నేను అనడం లేదు, ఆయనను ఎవరూ అడగలేదు.

ఒకప్పటి అనౌన్సర్:

నేను కొన్నేళ్ల పాటు ఒక కేంద్రంలో క్యాజువల్ అనౌన్సర్‌గా పనిచేశాను కనుక స్టూడియో గాజు అద్దానికి లోపలి సంగతి కొంత చెప్పగలను. ఎవరినీ వెనకేసుకురావడానికి కాదు, లోపం ఎక్కడుందో తెలియకుండా ఉత్తరం రాస్తే దానికి ఫలితం ఉండదని చెబుతున్నాను.

క్యాజువల్‌గా పనిచేసేవారికి నెలలో డ్యూటీలు ఆరుకు మించి ఉండవు. శాశ్వత ఉద్యోగాల భర్తీ ఎన్నో ఏళ్లుగా సరిగా జరగనందువల్ల మైకు ముందు కూర్చునేవారిలో ఎక్కువమంది మావంటివారే. ఏ విషయం మీద చర్చ జరుగుతుందో, అతిథి ఎవరో చాలాసార్లు డ్యూటీకి వచ్చిన తరువాతనే తెలుస్తుంది. అప్పటికి కార్యక్రమాల వరుస రాసి ఉండే క్యూషీటు చూసుకోవడానికి, పాటల వరుస సరిచూసుకోవడానికి, అతిథికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టడానికే సమయం సరిపోతుంది. పత్తి తేమ గురించి గాని, కౌలుదారుల చిక్కుల గురించి గాని ముందుగా చదువుకునే అవకాశం ఎవరు ఇస్తారు? విషయం తెలియనివారికి రెండో ప్రశ్న తట్టదు. తట్టినా, వచ్చినాయన జిల్లా స్థాయి అధికారి అయినప్పుడు, ఆయన వెళ్లిపోతూ పైవారితో ఒక మాట అంటే వచ్చే నెల డ్యూటీల జాబితాలో నా పేరు ఉంటుందా అన్న భయం గొంతు పట్టుకుంటుంది. ఈ భయాన్ని నేను స్వయంగా అనుభవించాను. నాతో పనిచేసినవారూ అనుభవించారు.

ఇంకొక సంగతి. ఫోన్ ఎత్తేవారు స్టూడియో బయట ఉంటారు. వారు ఫోన్ చేసినవారి పేరు, ఊరు చీటీ మీద రాసి లోపలికి పంపుతారు. ప్రశ్న ఏమిటో కూడా ఒక్క ముక్కలో రాసి పంపితే, అతిథి ముందు ప్రశ్నకు జవాబు చెబుతున్నంతసేపు వ్యాఖ్యాత దాని గురించి ఆలోచించుకోగలరు. ఖర్చు లేని ఈ చిన్న మార్పును నేను అడిగినప్పుడు "ఇంతకాలం ఇట్లాగే నడిచింది కదమ్మా" అన్నారు. అందుచేత వ్యాఖ్యాత గొంతు ఒక్కటే విని ఆమెనో ఆయననో తప్పుపట్టకండి. కార్యక్రమానికి వెనుక తయారీ లేకపోవడమే ఈ దుస్థితికి మూలం.

ఏటూరునాగారం ఆశా కార్యకర్త:

మేడం చెప్పిన మాటలు చదివాక నాకు ఒక సంగతి గుర్తుకు వచ్చింది. వానాకాలంలో నాట్లు, కలుపుతీతలు జరిగే రోజుల్లో పాముకాటు మీద ఒక డాక్టరు గారితో ఇదే కార్యక్రమం నడిచింది. కాటు వేసినచోట కోయవద్దని, నోటితో పీల్చవద్దని, గట్టిగా తాడు బిగించవద్దని, నాటువైద్యం అంటూ ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలని డాక్టరు గారు చాలా బాగా చెప్పారు. ఆ మాటలు మేము కూడా ఇంటింటికీ తిరిగి చెప్పేవే. అంతలో మా అడవి పల్లెల నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు తమ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట దొరుకుతుందా, లేక నేరుగా పెద్దాసుపత్రికే పోవాలా అని అడిగాడు. డాక్టరు గారు మళ్లీ జాగ్రత్తలే చెప్పారు. సమయం అయిపోయిందంటూ పాట వచ్చింది.

వాగు దాటి రావలసిన పల్లెల్లో రోగిని ఏ దిక్కుకు తీసుకుపోవాలన్న నిర్ణయం మీదనే ప్రాణం ఆధారపడుతుంది. జాగ్రత్తలు గోడపత్రికలోనూ చదువుకోవచ్చు. కానీ మా మండలంలో మందు ఎక్కడ ఉందన్నది మా మండలం మాట వినిపించే రేడియో తప్ప హైదరాబాదు నుంచి, ఢిల్లీ నుంచి వచ్చే ప్రసారాలేవీ చెప్పలేవు.

మంథని పంతులు:

ఈ చర్చలో ఒక పాత సంగతిని గుర్తుచేయాలనిపిస్తోంది. 1956లో ఆలిండియా రేడియో యునెస్కో తోడ్పాటుతో పుణె పరిసర జిల్లాల్లోని సుమారు 150 గ్రామాలలో రేడియో గ్రామీణ వేదికలను ప్రయోగాత్మకంగా నడిపింది. ఊరివారు ఒకచోట చేరి కార్యక్రమం వినేవారు, విన్న తరువాత తమలో తాము చర్చించుకునేవారు, తేలని సందేహాలను రాసి కేంద్రానికి పంపేవారు, కేంద్రం వాటికి తరువాతి ప్రసారాల్లో జవాబులు వెతికి చెప్పేది. ఆ ప్రయోగం ఫలించినందువల్లనే 1959 నుంచి దానిని దేశమంతటికీ విస్తరించారు. ఇంటింటా ఫోన్ లేని రోజుల్లో, పోస్టుకార్డు మీద ఆధారపడిన ఆ పద్ధతిలో రెండో ప్రశ్నకు చోటుంది. ఫోన్ ఎత్తితే స్టూడియోలో పలికే ఈ రోజుల్లో ఆ చోటు లేకుండా పోయింది.

అంత దూరం ఎందుకు, మన జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో 2008 నుంచి సంగం రేడియో అనే సముదాయ రేడియో నడుస్తోంది. దానిని నడుపుతున్నది దళిత మహిళా రైతులు. విత్తనం గురించి మాట్లాడేవారు, వినేవారు ఒకే ఊరి మనుషులైనప్పుడు తప్పించుకునే జవాబు చెల్లదు, పక్కింటివారు సాయంత్రమే వచ్చి అడుగుతారు. ప్రభుత్వ కేంద్రం సముదాయ రేడియోలాగా మారాలని నేను అనడం లేదు, దాని పరిధి పెద్దది. కానీ శ్రోత తిరిగి అడగగలడన్న ఎరుక మాత్రం ఉండి తీరాలి.

మరొక మాట కూడా చెప్పాలి. ఫోన్ చేసినవారు తమ యాసలో అడిగినదానిని వ్యాఖ్యాతలు పుస్తక భాషలోకి మార్చి అతిథికి అందించే అలవాటు ఒకటుంది. అట్లా మార్చేటప్పుడు ప్రశ్నలోని వాడి సగం పోతోంది. మా దగ్గరి ఒక పెద్దమనిషి, మిల్లువాళ్లు తరుగు పేరుతో బస్తాకు ఇంతని కోసుకుంటున్నారని, దానికి రసీదు ఇవ్వడం లేదని అడిగితే, "ధాన్యం తూకంలో పాటించవలసిన జాగ్రత్తల గురించి అడుగుతున్నారు" అని అతిథికి వినిపించారు. అడిగింది ఫిర్యాదు, అందింది సలహా కోసం విన్నపం. అతిథి తూకంలో జాగ్రత్తలు చెప్పి ముగించారు.

హనుమకొండ న్యాయ విద్యార్థి:

పంతులు గారి మాటలకు చట్టం ఏం చెబుతోందో చేర్చడానికి రాస్తున్నాను. 1990లో పార్లమెంటు ఆమోదించిన, 1997లో అమల్లోకి వచ్చిన ప్రసార భారతి చట్టంలోని 12వ సెక్షను, మన ప్రభుత్వ రేడియోను నడిపే ఈ సంస్థ ఉన్నది దేనికో స్పష్టంగా చెబుతోంది. ప్రజాప్రయోజనం ఉన్న అన్ని విషయాలను స్వేచ్ఛగా, నిజాయితీగా, నిష్పాక్షికంగా తెలుసుకునే పౌరుని హక్కును కాపాడాలని, తనదంటూ ఏ అభిప్రాయాన్నీ సమర్థించకుండా భిన్నమైన అభిప్రాయాలను సమతూకంతో వినిపించాలని అందులో ఉంది. వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి, ఆరోగ్యం వంటి రంగాలపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని కూడా అదే సెక్షనులో రాసి ఉంది. అంతకుముందే, 1995లో క్రికెట్ ప్రసార హక్కుల కేసులో తీర్పునిస్తూ సుప్రీంకోర్టు గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది.

ఆకాశవాణి ప్రసార నియమావళి ఒప్పుకోదు కాబట్టి అధికారులను ప్రశ్నించలేమని కొందరు అంటారు. ఆ ప్రసార నియమావళి నిషేధించేవి వేరు. మతాల మీద, సముదాయాల మీద దాడి, అశ్లీలం, పరువునష్టం, హింసకు ప్రేరేపణ, పేరుపెట్టి ఒక రాజకీయ పార్టీ మీద దాడి, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలపై ద్వేషపూరితమైన విమర్శ వంటివాటిని అది వద్దంటుంది. కౌలుదారు ఏ కాగితంతో పత్తి అమ్ముకోవాలని అడగడం వీటిలో దేని కిందికీ రాదు. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందని అడగడమూ రాదు. నియమావళి పేరు చెప్పి మౌనంగా ఉండేవారు దానిని ఒకసారి తెరిచి చదవాలని నా విన్నపం.

ములుగు నివాసి:

మీరంతా అడిగీ జవాబు రాని ప్రశ్నల గురించి మాట్లాడుతున్నారు. అడగడానికే వీలు లేని ఒక రోజు గురించి నేను చెప్పాలి. 2023 జూలై 27 తెల్లవారుజామున మా జిల్లాలో కురిసిన వాన మీకందరికీ తెలుసు. వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. పొరుగున భూపాలపల్లి జిల్లాలో వాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా నీట మునిగింది, జనం మేడల మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మా ఊళ్లో కరెంటు లేదు, సెల్‌ఫోన్ సిగ్నలు లేదు. ఇంట్లో పలికిన వస్తువు బ్యాటరీ రేడియో ఒక్కటే. ఏ దారి తెగింది, ఏ చెరువు కట్ట ప్రమాదంలో ఉంది, పిల్లలను ఎటు తీసుకుపోవాలి అని తెలుసుకుందామని పెట్టుకుంటే, ముందెప్పుడో రికార్డు చేసిన చర్చ యథాతథంగా నడుస్తోంది. వార్తల్లో రెండు వాక్యాలు వచ్చాయి, అంతే.

ఆ రోజు స్టూడియోకు సిబ్బంది చేరుకోవడం కూడా కష్టమై ఉంటుందని నేను అర్థం చేసుకోగలను. కానీ ఆ తరువాతి వారాల్లోనైనా ఆ చర్చా కార్యక్రమాన్ని వరద బాధితులకు ఇచ్చి ఉండవలసింది. ఇసుక మేటలు వేసిన పొలానికి పరిహారం ఎట్లా లెక్కగడతారు, కొట్టుకుపోయిన పాసుపుస్తకానికి నకలు ఎక్కడ ఇస్తారు అని మా వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఉంటే, రేడియోలో వేరే ముచ్చట్లు నడిచాయి. అప్పటి నుంచి ఆ కార్యక్రమం మాది అన్న భావన నాకు పోయింది.

జమ్మికుంట పెద్దాయన:

ములుగు వారి మాట చదివి చాలా బాధ కలిగింది. అటువంటి రోజున రేడియోకు మించిన తోడు పల్లెకు మరొకటి లేదు, ఉండి పలకకపోవడం ఎవరూ సమర్థించలేని సంగతి. అతిథిని నిలదీయకూడదన్న నా మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. అయితే పంతులు గారు చెప్పిన పాత పద్ధతి నాకు నచ్చింది. ఆ రోజు జవాబు తేలని ప్రశ్నను రాసిపెట్టుకుని, సంబంధిత కార్యాలయంలో కనుక్కుని, తరువాతి వారం మొదట్లో ఆ జవాబు చదివితే అతిథికి నొప్పి కలగదు, అడిగినవారికి న్యాయమూ జరుగుతుంది. అందుకు నేను సంతకం పెడతాను.

పరకాల శ్రోత:

పెద్దలు ఒప్పుకున్నందుకు సంతోషం. అందరి మాటలూ కలిపి కేంద్రం కార్యక్రమ విభాగాధిపతి పేరున ఒక ఉత్తరం రాశాను. అందులో మొదటిది, జవాబు తేలని ప్రశ్నలకు తరువాతి వారం కార్యక్రమం ఆరంభంలోనే అయిదు నిమిషాలు కేటాయించాలని. ఆ అయిదు నిమిషాలకు ఒక పాట తగ్గినా శ్రోతలు ఏమీ అనుకోరు. ఫోన్ చీటీ మీద పేరు, ఊరితో పాటు ప్రశ్నను కూడా రాసి స్టూడియోలోకి పంపాలని, వ్యాఖ్యాతకు విషయాన్ని, అతిథి వివరాలను కనీసం రెండు రోజుల ముందు ఇవ్వాలని మేడం గారి సూచనల ప్రకారం చేర్చాను. ఫోన్ చేసినవారి ప్రశ్నను వారి మాటల్లోనే అతిథికి వినిపించాలని పంతులు గారి కోసం రాశాను. వాన, వరద హెచ్చరిక ఉన్న రోజుల్లో రికార్డు చేసిన చర్చను పక్కనపెట్టి, జిల్లా యంత్రాంగం నుంచి ఒకరిని ఫోన్‌లోనైనా మాట్లాడించాలన్నది చివరి కోరిక.

వ్యాఖ్యాతల మీద ఒక్క ఫిర్యాదు వాక్యం కూడా ఇందులో లేదు. మేడం చెప్పిన భయం సంగతి చదివిన తరువాత, అంతకుముందు వారి గురించి రాసుకున్న పేరా తీసివేశాను.

నర్సంపేట రైతుబిడ్డ:

అన్నా, భూపాలపల్లి అక్క అడిగిన ప్రశ్నను ఆమె అడిగినట్టే ఉత్తరంలో మొదటి ఉదాహరణగా పెట్టండి. కొనుగోలు కేంద్రాలు మూతపడకముందే జవాబు వస్తేనే ఆమెకు ఉపయోగం. పాముకాటు ప్రశ్నకు తొందర లేదనుకోవద్దు, పత్తి ఏరేవాళ్లకు పాములతో పని ఇప్పుడే.

ఒకప్పటి అనౌన్సర్:

ఉత్తరం బాగుంది. కార్యక్రమాల ప్రణాళిక మూడు నెలలకొకసారి ముందుగా తయారవుతుంది. జనవరి నుంచి మార్చి వరకు నడిచే త్రైమాసికం ఖరారు కాకముందే ఉత్తరం చేరితే మార్పుకు వీలుంటుంది, ఆలస్యమైతే ఏప్రిల్ దాకా ఆగమంటారు. ఏ తేదీ ప్రసారంలో ఏ ప్రశ్నకు జవాబు రాలేదో తేదీలతో సహా రాయండి, తేదీ లేని ఫిర్యాదును పక్కనపెట్టడం సులువు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే, ఆ ఉత్తరం మీద ఏ చర్య తీసుకున్నారో సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. దానికి 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

ఏటూరునాగారం ఆశా కార్యకర్త:

పాముకాటు కార్యక్రమం తేదీ నా డైరీలో రాసి ఉంది, ఈ రాత్రికే పంపిస్తాను. మా మండలం నుంచి మరికొందరు ఆశా కార్యకర్తలు కూడా సంతకం పెడతామంటున్నారు.

పరకాల శ్రోత:

తప్పకుండా పంపండమ్మా. సంతకం చేయదలచినవారు తమ మండలం పేరు మాత్రం ఆదివారం లోపు ఇక్కడ రాయండి. సోమవారం ఉదయం పరకాల పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేసి, ప్రతిని ఇక్కడ పెడతాను.